పాటలిపుత్రానికి పండితులు తరలివచ్చారా, తర్వాతివాళ్లు తరలించారా?

గోదావరి బాటసారి:

సభ్యులందరికీ నమస్కారం. మౌర్య చక్రవర్తి బిందుసారుడు సిరియా రాజు ఆంటియోకస్‌కు ఒక లేఖ పంపి, తియ్యని ద్రాక్షసారా, ఎండు అంజీరు పళ్లు, వాటితోపాటు ఒక తత్త్వవేత్తను కూడా కొని పంపమని అడిగాడని గ్రీకు రచయిత అథీనియస్ రాశాడు. ద్రాక్షసారా, అంజీరు తప్పక పంపుతామని, తత్త్వవేత్తలను అమ్మడం మాత్రం గ్రీకుల దేశంలో చెల్లదని ఆంటియోకస్ జవాబిచ్చాడట. ఇది జరిగిందా, ఎవరో నవ్వుకోవడానికి అల్లారా అన్నది అలా ఉంచితే, పాటలిపుత్రంలో కూర్చున్న రాజు పండితుణ్ణి సైతం సరుకుల చీటీలో చేర్చగలడని అంత దూరాన ఉన్నవాళ్లు నమ్మడం నాకు ఆశ్చర్యంగా తోచింది.

నందుల కాలం నుంచి గుప్తుల కాలం వరకు దేశం నలుమూలల నుంచి విద్వాంసులు, వైద్యులు, శిల్పులు, లేఖకులు పాటలిపుత్రానికి వలస వచ్చారని మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఎవరు వచ్చారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఆ సంగతి మనకు ఎలా తెలిసింది అన్నది ఈ చర్చలో తేల్చుకుందామని నా కోరిక. ఆధారం చూపించేవారు అది ఏ శతాబ్దానిదో కూడా దయచేసి చెప్పండి. లేకపోతే వెయ్యేళ్ల తర్వాత పుట్టిన కథ కళ్లతో చూసినవాడి సాక్ష్యంలా చలామణీ అయిపోతుంది.

వ్యాకరణప్రియుడు:

బాటసారి గారూ, ఈ చర్చను రాజశేఖరుడి అలంకారశాస్త్ర గ్రంథం కావ్యమీమాంసతో మొదలుపెట్టడం న్యాయం. ఉజ్జయినిలో కావ్యకారులకు పరీక్ష జరిగేదని, పాటలిపుత్రంలో శాస్త్రకారులకు పరీక్ష జరిగేదని ఆయన చెబుతాడు. పాటలిపుత్రం గురించి ఆయన ఉదాహరించిన శ్లోకం ఇది:

"అత్రోపవర్షవర్షావిహ పాణినిపింగళావిహ వ్యాడిః
వరరుచిపతంజలీ ఇహ పరీక్షితాః ఖ్యాతిముపజగ్ముః"

ఉపవర్షుడు, వర్షుడు, పాణిని, పింగళుడు, వ్యాడి, వరరుచి, పతంజలి ఇక్కడ పరీక్షకు నిలిచి కీర్తి పొందారని దీని తాత్పర్యం. వీరిలో సంస్కృత వ్యాకరణకర్త పాణిని ఊరు మనకు తెలుసు. అది గాంధారంలోని శలాతురం, అంటే సింధూ నదికి దగ్గరలోని ప్రదేశం. అక్కడ పాణిని విగ్రహం ఉండేదని 7వ శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ కూడా రాశాడు. సింధూ తీరపు మనిషి గంగా తీరానికి వచ్చి, తన సూత్రాలను పండితసభ ముందు పెట్టి ఒప్పించుకున్నాడంటే, ఆనాటి రాజధాని ఆకర్షణ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

సంస్కృత కథల గ్రంథం కథాసరిత్సాగరంలోనూ ఇదే మాట కథగా ఉంది. వ్యాడి, ఇంద్రదత్తుడు చదువు కోసం పాటలిపుత్రంలోని వర్షుణ్ణి వెతుక్కుంటూ వస్తారు. ఒకసారి విన్నది మరచిపోని శిష్యుడు దొరికితేనే వర్షుడు పాఠం చెబుతాడు గనుక, అలాంటి పిల్లవాణ్ణి గాలించి కౌశాంబిలో వరరుచిని పట్టుకుంటారు. ఆ కథలో పాణిని మందబుద్ధి గల శిష్యుడు కావడం ఒక తమాషా.

శాసనపాఠకుడు:

వ్యాకరణప్రియుడు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. రాజశేఖరుడు క్రీ.శ. 900 ప్రాంతపు వాడు. పాణినికీ ఆయనకూ మధ్య పన్నెండు వందల ఏళ్లకు పైగా దూరం ఉంది. ఆ శ్లోకంలోని ఏడుగురూ ఒక కాలంవారు కారు. పాణినికీ పతంజలికీ మధ్యనే కనీసం రెండు శతాబ్దాల ఎడం ఉంటుందని పండితులు లెక్క వేస్తారు. "శ్రూయతే" అని, అంటే అలా వినవస్తోందని, రాజశేఖరుడే ముందు ఒక మాట అని జాగ్రత్తపడ్డాడు. ఆ జాగ్రత్త మనకూ ఉండాలి.

ఇంకొక సంగతి ఉంది. రాజశేఖరుడు స్వయంగా మహారాష్ట్ర మూలాలున్న యాయావర వంశస్థుడు. కన్యాకుబ్జంలో ప్రతీహార చక్రవర్తి మహేంద్రపాలుడికి గురువుగా స్థిరపడ్డాడు. దక్షిణాది కుటుంబం నుంచి వచ్చి ఉత్తరాది సామ్రాజ్య రాజధానిలో పేరు తెచ్చుకున్న మనిషి, పూర్వం కూడా మహానుభావులందరూ రాజధానికి వచ్చే పేరు తెచ్చుకున్నారని చెప్పడంలో తన బతుకు నీడ కొంత పడలేదంటారా? ఆ శ్లోకం పాణిని కాలానికి సాక్ష్యం అవునో కాదో గాని, రాజశేఖరుడి కాలపు పండితుల మనసుకు మాత్రం మంచి సాక్ష్యం.

బోధన్‌వాసి:

మా ఊరి మాట ఒకటి చెప్పుకోవడానికి అనుమతించండి. ఆర్యభటుడు 476లో పుట్టి, 23 ఏళ్ల వయసులో, అంటే 499లో, ఆర్యభటీయం రాశాడు. 629లో దానికి వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడు దాన్ని ఆశ్మకీయమని, అంటే అశ్మక దేశానిదని పిలుస్తాడు, అందులో ఆర్యభటుడు పేర్కొన్న కుసుమపురమంటే పాటలిపుత్రమేనని అర్థం చెబుతాడు. అశ్మక జనపదం గోదావరి తీరానిది, దాని రాజధాని పోదన. ఆ పోదన నేటి నిజామాబాద్ జిల్లా బోధన్ అని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. ఈ లెక్కన చూస్తే, గోదావరి సీమ నుంచి గుప్తుల మహానగరానికి వెళ్లి అక్కడ గణితంలో పేరు తెచ్చుకున్న యువకుడు మన తెలంగాణ ప్రాంతం వాడు కావడానికి అవకాశం ఉంది.

శాసనపాఠకుడు:

బోధన్‌వాసి గారూ, అవకాశం ఉందన్నంత వరకే ఆగారు, సంతోషం. అశ్మకుల ఉనికి గురించి వేరే వాదాలు ఉన్నాయి. ఆర్యభటీయానికి వ్యాఖ్యానాలు కేరళలో విస్తారంగా పుట్టాయి గనుక ఆయన కేరళవాడేనన్న పక్షమూ ఉంది.

నేను అడగదలచింది మరొకటి. ఆర్యభటుడి మాట సరిగ్గా ఏమిటి? "ఆర్యభటస్త్విహ నిగదతి కుసుమపురేఽభ్యర్చితం జ్ఞానమ్" అన్నాడు. కుసుమపురంలో పూజలందుకున్న జ్ఞానాన్ని ఇక్కడ చెబుతున్నాను అన్నాడే తప్ప, నేను కుసుమపురంలో పుట్టాననో, కాపురం ఉంటున్నాననో అనలేదు. "అభ్యర్చితం" అన్న ఆ ఒక్క మాటను రాజశేఖరుడి శ్లోకంలోని "పరీక్షితాః" పక్కన పెట్టి చూడండి. రెండు చోట్లా రాజధాని చేసే పని ఒకటే, ముద్ర వేయడం. ఆ ముద్ర కోసం మనిషి మూటాముల్లె సర్దుకుని అక్కడికి వెళ్లి ఉండవచ్చు, లేదా ఆ ముద్ర పడిన విద్యను తన ఊళ్లోనే గురువు దగ్గర నేర్చుకుని ఉండవచ్చు. ముద్ర కనిపించిన చోటల్లా వలస జరిగిందని రాసుకుంటే తప్పు లెక్క వస్తుంది.

రాతిమేస్త్రి:

పండితుల చర్చలోకి సివిల్ ఇంజనీరుగా అడుగుపెడుతున్నాను, మన్నించండి. గ్రంథాల్లో సందేహాలున్నా రాతిని చూస్తే కొంత తెలుస్తుంది. నాటి పాటలిపుత్రమైన నేటి పట్నాలోని కుమ్రాహార్‌లో 80 స్తంభాల మౌర్య సభామంటపం బయటపడింది. 1912–13లో పురావస్తు శాస్త్రవేత్త స్పూనర్ అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు ఖర్చు జంషెడ్‌జీ టాటా కుమారుడు రతన్ టాటా భరించారు. స్తంభాలకు వాడింది చునార్ ఇసుకరాయి. అది కాశీకి ఎగువన గంగ ఒడ్డున దొరుకుతుంది. ఒక్కొక్క స్తంభాన్ని ఏకశిలగా తొలిచి, అద్దంలాంటి నునుపు వచ్చేదాకా సానపట్టి, నది మీదుగా కిందికి దించి, కర్రకోట ఉన్న నగరంలో నిలబెట్టడం స్థానికంగా అంతకుముందు అలవాటైన పని కాదు. మౌర్యుల కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ చూసిన కోటగోడ కూడా కొయ్యదే. గోడకు 64 ద్వారాలు, 570 బురుజులు ఉన్నాయని ఆయన లెక్క. కర్రపనిలో ఆరితేరిన ఊళ్లో ఒక్కసారిగా ఇంత పరిణతి చెందిన రాతిపని కనబడితే, చేతి నైపుణ్యం ఎక్కడి నుంచో వచ్చిందని ఎవరికైనా అనిపిస్తుంది.

స్పూనర్ దాన్ని పర్షియా నుంచి వచ్చిందన్నాడు. దరియస్ చక్రవర్తి సూసాలో తన మహలు కట్టించినప్పుడు ఎవరెవరు ఏ పని చేశారో శాసనంలో రాయించాడు. రాళ్లు చెక్కినవారు అయోనియా, సార్డిస్‌ల వారు, బంగారు పని చేసినవారు మీడియా, ఈజిప్టుల వారు, ఇటుకలు చేసినవారు బాబిలోనియా వారు. ఆ సామ్రాజ్యం అలెగ్జాండరు దండయాత్రతో కూలిన తర్వాత ఉపాధి పోయిన పనివాళ్లలో కొందరు తూర్పు దిక్కుకు, మౌర్యుల దగ్గరకు వచ్చారన్నది ఆ వాదం.

శాసనపాఠకుడు:

మేస్త్రి గారూ, వాదం అందంగానే ఉంది, కానీ స్పూనర్ అక్కడితో ఆగక మౌర్యులనే పారసీకులను చేయబోయి పరువు పోగొట్టుకున్నాడు. సూసాలో దరియస్ పనివాళ్ల దేశాలు చెప్పినట్లు, పాటలిపుత్రంలో ఫలానా దేశం మేస్త్రీ ఈ స్తంభం చెక్కాడని చెప్పే శాసనం ఒక్కటీ దొరకలేదు. పోలిక ఉంది, పేరు లేదు.

అయితే వృత్తి నిపుణుల వలసకు చేతి రాతతో దొరికిన సాక్ష్యం ఒకటి ఉంది, అది రాజధానిలో లేదు. కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లాలో బ్రహ్మగిరి, సిద్ధాపుర, జటింగ రామేశ్వర అనే మూడు చోట్ల అశోకుడి లఘు శిలాశాసనాలున్నాయి. వాటిని రాసిన లేఖకుడు శాసనమంతా బ్రాహ్మీలో రాసి, చివర "చపడుడు రాశాడు" అని సంతకం పెట్టిన తర్వాత, "లిపికరేణ", అంటే లేఖకుడి చేత, అన్న తన వృత్తి పదాన్ని మాత్రం ఖరోష్ఠిలో చెక్కాడు. ఖరోష్ఠి వాయవ్య సరిహద్దు లిపి, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఆ కొండ దగ్గర దాన్ని చదవగలిగినవాడు బహుశా ఆయన ఒక్కడే. చదివేవాడు లేడని తెలిసి కూడా ఆ ఒక్క మాటను తన వైపు లిపిలో రాసుకున్న మనిషిని తలచుకుంటే, ఏ కాలపు పరాయి ఊరి ఉద్యోగి అయినా గుర్తుకు వస్తాడు. వాయవ్యంలో నేర్చిన విద్య మౌర్యుల కొలువు గుండా దక్కను దాకా ప్రయాణించిందని ఈ ఒక్క పదం చెబుతోంది. "లిపి" అన్న మాటే పాత పారశీక "దిపి" నుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. వాయవ్యాన ఉన్న షాబాజ్‌గఢీలోని అశోకుడి శాసనంలో అది "దిపి" గానే ఉంది.

మన కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనం సంగతీ చెప్పాలి. గుత్తి–పత్తికొండ దారిలో ఉన్న ఆ బండల దగ్గరకు నేను రెండుసార్లు వెళ్లాను. లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు, కాడెద్దులు మళ్లి దున్నినట్లుగా చెక్కి ఉన్నాయి. బ్రాహ్మీ అక్షరాలు వేలితో కూడబలుక్కుంటూ చదువుతున్న నేను, మొదటిసారి వెళ్లినప్పుడు పంక్తి మారగానే దారి తప్పి, ఎండలో అరగంట తికమకపడ్డాను. కుడి నుంచి రాసే అలవాటున్న లేఖకుడి చేతివాటమే ఇందుకు కారణమని కొందరు ఊహించారు. అది ఊహే. కానీ అదే శాసనంలో ఏనుగులు నడిపేవారికి, లేఖకులకు, రథాచార్యులకు, బ్రాహ్మణ గురువులకు ఆజ్ఞ అందించమని విడివిడిగా ఉంది. వృత్తుల వారీగా మనుషులను గుర్తించిన పాలన అది.

లెక్కలమాస్టారు:

అంతమంది రావాలంటే జీతం ఎంత ఇచ్చేవారన్నది కూడా చూడాలి కదా. కౌటిల్యుడి అర్థశాస్త్రం అయిదో అధికరణంలో జీతాల పట్టిక ఉంది. ఋత్విక్కు, ఆచార్యుడు, మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు వంటివారికి 48,000 పణాలు, అంటే ఆనాటి నాణేలు. వైద్యుడికీ, గుర్రాలను మచ్చిక చేసేవాడికీ, వర్ధకికీ, అంటే వడ్ల మేస్త్రికీ, 2,000. లెక్కలు రాసేవారికీ లేఖకులకూ 500. మామూలు చేతిపనివారికి 120. ఇక ఆచార్యులకూ విద్యావంతులకూ గౌరవ వేతనం 500కు తగ్గకుండా 1,000కి మించకుండా. పైవరుసలోని ఆచార్యుడు రాజు ఇంటి గురువు, కింది వరుసవాళ్లు మాబోటి గురువులు. వడ్రంగి మేస్త్రి ఇంటికి రెండు వేలు పట్టుకుపోతుంటే, శాస్త్రం చెప్పే పండితుడు వెయ్యితో, పూజతో సరిపెట్టుకున్నాడన్నమాట. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిగా ఈ పద్దు చదివి నేనేమీ ఆశ్చర్యపోలేదు.

ఇది మౌర్యుల కాలపు జమాఖర్చు కాదని చెప్పే పరిశోధకులు ఎందరో ఉన్నారు. ఆ గ్రంథంలో పాటలిపుత్రం పేరే రాదు. కాబట్టి రాజ్యం పండితుడికి ఏ స్థానం ఇవ్వదలచిందో చూడడానికే దీన్ని వాడుకోవాలి.

వైద్యవృత్తిలో:

రాజధానికి వచ్చినవాడు జబ్బుపడితే ఏమయ్యేదన్న ప్రశ్నకు ఇద్దరు విదేశీయులు జవాబిచ్చారు. మెగస్తనీస్ చెప్పినదాన్ని గ్రీకు రచయిత స్ట్రాబో భద్రపరిచాడు. నగర పాలన చూసేవారు అయిదుగురేసి చొప్పున ఆరు బృందాలుగా ఉండేవారట. మొదటి బృందం చేతివృత్తుల వ్యవహారం చూసేది. రెండో బృందం పూర్తిగా విదేశీయుల కోసమే. వారికి బస చూపడం, వెంట మనుషులను పెట్టి నడవడి కనిపెట్టడం, జబ్బు చేస్తే చూసుకోవడం, చనిపోతే ఖననం చేసి వారి సొత్తును బంధువులకు పంపడం దాని పని. ఆదరణ, నిఘా రెండూ ఒకే కార్యాలయం చేతిలో ఉండడం గమనించండి. పరదేశంలో చనిపోయినవారి సామాను ఇంటికి చేర్చడం ఈ రోజుల్లో కూడా ఎంత కష్టమో గల్ఫ్ కుటుంబాలున్న మా కరీంనగర్ వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు.

రెండోవాడు చైనా బౌద్ధ యాత్రికుడు ఫాహియాన్. 5వ శతాబ్దం మొదట్లో ఆయన పాటలిపుత్రంలో మూడేళ్లు ఉన్నాడు. అక్కడి ధనిక గృహస్థులు ధర్మవైద్యశాలలు పెట్టారని, దిక్కులేనివారు, అంగవైకల్యం ఉన్నవారు, రోగులు వస్తే వైద్యులు పరీక్షించి, తగిన పథ్యం, మందు ఇస్తారని, నయమయ్యాక వాళ్లే వెళ్లిపోతారని రాశాడు. యాత్రికుడు పొగడ్తగా రాశాడేమో అనుకునేవాళ్లకు మట్టి జవాబిచ్చింది. 1951–55 మధ్య కుమ్రాహార్‌లో మళ్లీ తవ్వినప్పుడు గుప్తుల కాలపు విహారం ఒకటి బయటపడింది. అక్కడ దొరికిన మట్టిముద్ర మీద "శ్రీ ఆరోగ్యవిహారే భిక్షుసంఘస్య" అని ఉంది, ఒక పెంకు మీద "ధన్వంతరేః" అని ఉంది. ధన్వంతరిదైన కుండ అని అర్థం. ఆ ధన్వంతరి దేవుడా, ఆ పేరు పెట్టుకున్న వైద్యుడా అన్నది తేలదు గాని, అందులో మందు కాచి ఉంటారని ఊహించుకోవడం నాకు ఇష్టం. కీర్తిశ్లోకాల కంటే ఆ పెంకును నేను ఎక్కువ నమ్ముతాను.

గోదావరి బాటసారి:

ఫాహియాన్ పేరు వచ్చింది గనుక అసలైన వలస పండితుణ్ణి ఆయన పక్కనే చూపిస్తాను. 399లో చాంగాన్ నుంచి బయలుదేరిన ఆ బృందంలో కొందరు తోవలో చనిపోయారు, కొందరు వెనుదిరిగారు. పాటలిపుత్రం చేరేసరికి ఫాహియాన్‌తో మిగిలినవాడు దావోజెంగ్ ఒక్కడే. ఉత్తరాన అన్ని చోట్లా భిక్షువుల నియమాలు చెప్పే వినయగ్రంథాలు నోటిపాఠంగానే ఉండేవి, రాతప్రతి పాటలిపుత్రంలోని మహాయాన విహారంలో దొరికింది. ఫాహియాన్ మూడేళ్లు సంస్కృతం నేర్చుకుని దాన్ని నకలు రాసుకున్నాడు. నాలుగు దిక్కుల నుంచి శ్రమణులు, విద్యార్థులు, సత్యం వెతికేవారు ఆ విహారాలకే వస్తారని కూడా ఆయన రాశాడు. ఇది విన్నమాట కాదు, అక్కడ నివసించినవాడి మాట. పని పూర్తయ్యాక ఫాహియాన్ స్వదేశానికి బయలుదేరాడు. దావోజెంగ్ మాత్రం తన దేశంలోని సంఘపు శిథిల నియమాలను తలచుకుని, ఇకపై సరిహద్దు దేశంలో పుట్టుక వద్దని కోరుకుని అక్కడే ఉండిపోయాడు.

వచ్చినవారి గురించే మాట్లాడుతున్నాం గాని, వెళ్లినవారూ ఉన్నారు. మగధను గెలిచిన కుషాణు రాజు కనిష్కుడు తాను అడిగిన బంగారానికి బదులుగా బుద్ధుడి భిక్షాపాత్రనూ బౌద్ధ కవి అశ్వఘోషుణ్ణీ తీసుకుపోయాడని చైనా బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. అది సంప్రదాయమే అనుకుందాం. కానీ మధ్యప్రదేశ్‌లోని ఉదయగిరి గుహలో రెండో చంద్రగుప్తుడి మంత్రి వీరసేనుడి శాసనం రాతి మీద నేటికీ ఉంది. శబ్దార్థన్యాయలోకజ్ఞుడు (శబ్దం, అర్థం, న్యాయం, లోకం తెలిసినవాడు), కవి, "పాటలిపుత్రకః" (పాటలిపుత్రం వాడు) అని తనను చెప్పుకుని, రాజు వెంట ఇక్కడికి వచ్చానంటాడు. దూరదేశంలో ఊరి పేరును బిరుదులా తగిలించుకున్నాడు. శాసనపాఠకుడు గారు చెప్పిన ముద్ర ఇదే కదా.

వ్యాకరణప్రియుడు:

రాజశేఖరుడి విషయంలో నేను మెత్తబడ్డాను. ఆయన శ్లోకాన్ని పాణిని జీవితానికి రుజువుగా ఇకపై వాడను. అయితే నా శాస్త్రం నుంచి చిన్న దారిబత్తెం ఒకటి ఇవ్వనివ్వండి.

పాణిని మూడో అధ్యాయంలో, ప్రయాణించవలసిన దారిలో ఒక హద్దుకు ఇవతలి భాగం గురించి చెప్పేటప్పుడు ఏ భవిష్యత్ రూపం వాడాలో ఒక సూత్రం ఉంది. దానికి పాణిని సూత్రాల వ్యాఖ్య అయిన కాశికావృత్తి ఇచ్చిన ఉదాహరణ ఇలా నడుస్తుంది. "పాటలిపుత్రం దాకా మనం వెళ్లవలసిన ఈ దారి ఉందే, అందులో కౌశాంబికి ఇవతల ఉన్న భాగంలో రెండుసార్లు అన్నం తింటాం, అక్కడ పేలపిండి కలుపుకుని తాగుతాం." చక్రవర్తీ లేడు, పరీక్షాసభా లేదు. నడిచి వెళ్లేవాళ్లు ఎక్కడ అన్నం వండుకోవాలి, ఎక్కడ పిండితో గడుపుకోవాలి అని లెక్క వేసుకుంటున్నారు. కథలో వరరుచిని తీసుకుని ఆ ఇద్దరు మిత్రులు కౌశాంబి నుంచి నడిచింది కూడా ఆ దారి వెంటే.

శాసనపాఠకుడు:

ఈ ఉదాహరణ నాకు తెలియదు, ధన్యవాదాలు. కాశిక 7వ శతాబ్దపు గ్రంథమని గుర్తు చేసుకోండి. అదే శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ చూసేసరికి పాటలిపుత్రంలో పునాదులే మిగిలాయి, విద్యార్థులు నాలందాకు పోతున్నారు. పాఠశాలల్లో మాత్రం పిల్లలు ఇంకా పాటలిపుత్రానికి బయలుదేరుతూనే ఉన్నారు.

బోధన్‌వాసి:

పాళీ బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలో బావరి అనే గురువు గోదావరి ఒడ్డున అశ్మకుల సీమ నుంచి పదహారుగురు శిష్యులను ఉత్తరానికి పంపిన కథ ఉంది. ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ దాటి వాళ్లూ కౌశాంబి మీదుగానే మగధకు వెళ్లారు. అప్పటికి రాజధాని రాజగృహం. మా వైపు నుంచి వెళ్లేవాడికి కౌశాంబికి ఇవతల రెండు పూటల అన్నం సరిపోదు, మాస్టారు గారు ఆ పిండి ఎన్ని మానికలు కట్టుకోవాలో లెక్క కట్టి చెప్పాలి.